వెళ్లిపోయిన కోచ్ సాబ్‌కీ ఇన్సాఫ్ కావాలి

డాన్ బ్రౌన్ పేరు ఎత్తితే చాలు, మా ఇంట్లో బహస్ మొదలవుతుంది. మేముండేది మిషిగన్ రాష్ట్రంలో. ఇక్కడ పెరిగిన మన పిల్లలకు క్రికెట్ కన్నా ఫుట్‌బాల్ మీదే మొహబ్బత్ ఎక్కువ. అంటే కాళ్లతో ఆడేది కాదు, బంతి చంకన పెట్టుకుని పరిగెత్తే అమెరికా ఆట. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో 1,07,601 మంది పడతారు. అంతమంది ఒకే దుష్మన్‌ను ఓడించాలని కోరుకుంటారు: ఒహాయో స్టేట్.

బ్రౌన్ సాబ్ 2016 నుంచి 2020 దాకా ఈ జట్టుకు డిఫెన్స్ కోచ్. ఆయన తరీఖా చాలా దూకుడు. ఎదుటి ఆటగాళ్లను ఒక్కొక్కరిని ఒక్కొక్కరు అంటిపెట్టుకోవాలి, మిగతావాళ్లు బంతి విసిరేవాడి మీదకు దూకాలి. ఆ దూకడాన్ని బ్లిట్జ్ అంటారు. అందుకే ఆయనకు డాక్టర్ బ్లిట్జ్ అని పేరు పడింది.

"ఒహాయో ముందు మనల్ని బేఇజ్జత్ చేసింది ఆయనే మామూ" అంటాడు మా భాంజా. వాడి మాటకు సబూత్ ఉంది. 2018లో 62-39, 2019లో 56-27 తేడాతో ఓడిపోయాం. ఒహాయో కుర్రాళ్లు రెండు వైపుల నుంచి ఒకరికొకరు అడ్డంగా పరిగెత్తేవాళ్లు. వాళ్ల వెంటపడ్డ మనవాళ్లు మధ్యలో చిక్కుకుని వెనకబడిపోయేవాళ్లు. తోడ్ తెలిసినా ఆయన తన పద్ధతి మార్చుకోలేదని వాడి షికాయత్.

"2016 సంగతి కూడా చెప్పమనండి అబ్బా" అంటాడు మా పెద్దోడు. ఆ ఏడు మామూలు టైమ్ అయ్యేసరికి స్కోరు 17-17. ఒహాయో 17 పాయింట్లలో ఒక టచ్‌డౌన్ డిఫెన్స్ ఇచ్చింది కాదు, మనవాడు విసిరిన బంతిని వాళ్లు పట్టుకుని పరిగెత్తి కొట్టింది. రెండో ఎక్స్‌ట్రా టైమ్‌లో 30-27తో ఓడాం. అసలు 2012 నుంచి 2019 దాకా ఒహాయో మీద వరసగా ఎనిమిది ఓటములు. అందులో మొదటి నాలుగు బ్రౌన్ రాకముందువి.

2020లో ఆరు ఆటల్లో నాలుగు ఓడాక ఆయన్ని తీసేశారు. కొత్త కోచ్ మైక్ మెక్‌డొనాల్డ్ వచ్చిన మొదటి ఏడే, 2021లో, 42-27తో ఒహాయోను ఓడించాం. ఇక పాత కోచ్ మీద గాలీలే గాలీలు. కానీ ఆ రోజు ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ను మూడుసార్లు నేలకు పడేసిన ఏడన్ హచిన్సన్ జట్టులోకి వచ్చింది 2018లో, అంటే బ్రౌన్ జమానాలో.

ఈ ఆట మాటలు వింటుంటే నాకు మా మస్జిద్ గుర్తొస్తుంది. మా పిల్లలకు ఖాయిదా చెప్పిన హాఫిజ్ సాబ్ ఉద్యోగం వదిలి వెళ్లాల్సొచ్చింది. కొత్త హాఫిజ్ సాబ్ వచ్చారు, మాషా అల్లాహ్, పిల్లల తిలావత్ బాగుంది. ఇప్పుడు వజూ ఖానా దగ్గర కూడా పాతాయన మీదే మాటలు. ఆయన చెప్పింది దండగ అంటారు. మరి అలిఫ్, బే నేర్పింది ఎవరు?

పనిలో తప్పు ఎత్తిచూపడం గునాహ్ కాదు. హదీసులు చెప్పినవాళ్లను మన ముహద్దిసీన్ ఎంత కఠినంగా పరఖాయించారో చూడండి. దాన్ని జర్హ్ వ తాదీల్ అన్నారు. పేరులోనే రెండు భాగాలున్నాయి: లోపం చెప్పడం ఒకటి, నమ్మదగినవాడని గవాహీ ఇవ్వడం రెండోది. మనం మొదటి సగం పట్టుకుని రెండోది వదిలేస్తున్నాం. అప్పుడది గీబత్ వైపు జారిపోతుంది. అబద్ధం కలిస్తే ఇంకా ఘోరం, బొహ్తాన్.

అందుకే ఇంట్లో ఒక షరతు పెట్టాను. ఎవరి తప్పు చెప్పినా, అదే కూర్చోవడంలో వాళ్లు చేసిన ఖిద్మత్ కూడా చెప్పాలి. భాంజా గొణుగుతూనే 2016 డిఫెన్స్‌ను ఒప్పుకున్నాడు. పెద్దోడు 62 పాయింట్లను ఒప్పుకున్నాడు. బహస్ ఆగలేదు, ఇంకాస్త మజాగా నడుస్తోంది.

మస్జిద్‌లో మాత్రం అంత సులువు కాదు. ఈ రంజాన్‌లో ఒక ఇఫ్తార్‌కు పాత హాఫిజ్ సాబ్‌ను దావత్ ఇద్దామని కమిటీని అడిగాను. జవాబు ఇంకా రాలేదు. వచ్చే జుమాకు మళ్లీ అడుగుతాను, ఇన్షా అల్లాహ్.