ఇపోలో కల్లు, టెకీలా, మా నాయిన

కౌలాలంపూర్ నుంచి ఇపోకు రైల్లో రెండున్నర గంటలు. తెల్లటి గుమ్మటాలున్న అక్కడి స్టేషన్‌ను ఊరివాళ్లు ఇపో తాజ్‌మహల్ అంటారు. బయటికి రాగానే ఊరి చుట్టూ నిటారుగా లేచిన సున్నపురాయి కొండలు కనిపిస్తాయి. అలాంటి ఒక కొండను ఆనుకుని సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉంది. పేరు కల్లుమలై. తమిళ ట్యాక్సీ డ్రైవరు ఆ పేరు చెప్పగానే వెనక సీట్లో కునుకుతున్న మా నాయిన లేచి కూర్చున్నాడు.

"ఏందిరా, ఈడ కల్లుకు గూడ గుడి కట్టిన్రా?"

డ్రైవరు పగలబడి నవ్వాడు. తమిళంలో కల్లు అంటే రాయి. కల్లుమలై అంటే రాతికొండ. తాగే కల్లును వాళ్లు 'ళ' ఒత్తి పలుకుతారు. "ఆ కళ్ళు కావాలంటే బగాన్ దాతో వైపు వెళ్లండి. అక్కడ మీ తెలుగువాళ్లే ఉంటారు" అన్నాడు. ఆ మాట నాయిన చెవిలో పడిపోయింది.

నాయినది నల్గొండ జిల్లాలో తాళ్లు గీసిన చెయ్యి. మోకు, ముస్తాదు, గీత కత్తి తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదు. వాటితోనే నన్ను ఇంజినీరింగ్ చదివించాడు. ఇది ఇంత సూటిగా రాయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఎందుకో చెబుతాను.

ఒక గ్లాసు, ఒక అబద్ధం

ఆ రాత్రి ఇపోలోనే ఉంటున్న ఒక తెలుగు మిత్రుడి ఇంట్లో భోజనం. పిల్లలు ఒక గదిలో, ఆడవాళ్లు వంటింట్లో, మేము హాల్లో. మిత్రుడు టెకీలా సీసా తీశాడు. చిన్న గ్లాసుల్లో పోసి, చేతి మీద ఉప్పు చల్లుకుని, నాకి, గుటుక్కున మింగి, నిమ్మచెక్క కొరికాడు. నాయిన వింతగా చూశాడు.

"మందు బిళ్ల మింగినట్టు మింగుతున్నరేంది బిడ్డా? రుచి తెల్వద్దా? ఇంతకూ ఇది ఏం చెట్టుది?"

మిత్రుడికి తెలియదు. కాక్టస్ అనుకుంటా అన్నాడు. అంతలో వాళ్ల పెద్దమ్మాయి వచ్చి, "తాతగారూ, మీరు ఇండియాలో ఏం చేసేవారు?" అని అడిగింది. నాయిన నోరు తెరిచేలోపు నేను అందుకున్నాను. "వ్యవసాయమమ్మా" అన్నాను.

నాయిన ఏమీ అనలేదు. గ్లాసు కింద పెట్టి అన్నానికి లేచాడు.

టెకీలా ఏం చెట్టుది?

హోటల్ గదికి వచ్చాక కూడా ఆయన అడిగింది ఆ చెట్టు గురించే. ఫోన్లో వెతికి చదివి చెప్పాను. టెకీలా కాక్టస్ నుంచి రాదు. మెక్సికోలో నీలి అగావే అనే మొక్క ఉంది. మన పొలం గట్ల మీద కిత్తనార ఉంటుందే, దానికి దగ్గరి చుట్టం. అది పక్వానికి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. హిమదోర్ అనే పనివాడు కోవా అనే పొడుగు కర్ర పలుగుతో ముళ్ల ఆకులన్నీ చెక్కేస్తాడు. మిగిలిన దుంపలాంటి మొద్దు పెద్ద అనాసపండులా ఉంటుంది. దాన్ని పీన్యా అంటారు. ఒక్కోటి ముప్పై, నలభై కిలోలు, కొన్ని ఇంకా ఎక్కువ.

పచ్చి పీన్యా పులియదు. అందులోది పిండిపదార్థం లాంటిది. పాత పద్ధతిలో ఇటుక పొయ్యిలో రోజుల తరబడి ఆవిరికి ఉడికిస్తే అది తీపి చక్కెరగా మారుతుంది. తర్వాత పెద్ద రాతిచక్రం కింద నలిపి రసం తీస్తారు. మన గానుగ గుర్తొస్తుంది. ఇప్పుడు ఎక్కువ చోట్ల యంత్రాలే. ఆ రసాన్ని పులియబెట్టి, కనీసం రెండుసార్లు బట్టీ పడతారు.

అప్పటికప్పుడు సీసాకెక్కించే తెల్లటిది బ్లాంకో. ఓక్ పీపాలో కనీసం 2 నెలలు ఉంచితే రెపొసాడో, ఏడాది ఉంచితే అన్యేహో, 3 ఏళ్లు దాటితే ఎక్స్‌ట్రా అన్యేహో. సీసా మీద '100 శాతం అగావే' అని లేకపోతే, అందులో 49 శాతం దాకా వేరే చక్కెర ఉండొచ్చు. మెక్సికోలో మంచి టెకీలాను ఉప్పూ నిమ్మా లేకుండా, పక్కన సంగ్రీతా అనే పుల్లటి కారపు రసం పెట్టుకుని, కొద్దికొద్దిగా చప్పరిస్తారు.

నాయిన అంతా విని ఒకే ప్రశ్న వేశాడు. "మొద్దు తవ్వినంక చెట్టు మళ్ల బతుకుతదా?"

బతకదు. ఒక్కసారే కోత.

"మేం చెట్టును సంపం. సంపితే రేపు ఏం గియ్యాలె?" అన్నాడు.

కొబ్బరి నేర్పిన బట్టీ

చదువుతుంటే ఇంకో సంగతి దొరికింది. 1565 నుంచి 1815 దాకా స్పెయిన్ ఓడలు మనీలాకూ మెక్సికోలోని అకపుల్కోకూ మధ్య తిరిగాయి. ఆ ఓడల్లో వెళ్లిన ఫిలిప్పీన్స్ మనుషులు కొలీమా తీరంలో స్థిరపడ్డారు. కొబ్బరి చెట్లు గీసి కల్లు తీశారు. వాళ్ల భాషలో దాని పేరు తూబా. ఆ కల్లును తేలికైన బట్టీల మీద కాచి సారా కూడా చేశారు. దాని పోటీకి స్పెయిన్ ద్రాక్షసారా అమ్మకాలు తగ్గుతాయని పాలకులు నిషేధాలు పెట్టారు. అగావే రసాన్ని బట్టీ పట్టడం అక్కడివాళ్లు ఈ కొబ్బరి బట్టీల నుంచే నేర్చుకున్నారని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. కొలీమా వీధుల్లో తూబా ఇప్పటికీ అమ్ముతారు.

అగావేకు సొంత కల్లు కూడా ఉంది. మరో రకం అగావే నడిమి భాగాన్ని గుంటలా తొలిచి, ఊరిన తీపినీటిని పులియబెడతారు. పేరు పుల్కే. స్పెయిన్‌వాళ్లు రాకముందు నుంచీ ఉన్న పానీయం అది.

"అంటే ఆ సీసాకు గీసేటోడు పెద్దన్న అన్నట్టు" అన్నాడు నాయిన, దుప్పటి కప్పుకుంటూ.

బగాన్ దాతో దారిలో

తెల్లారి కారు అద్దెకు తీసుకుని దక్షిణంగా బయల్దేరాం. గంటన్నరలో తెలుక్ ఇంతాన్. 1885లో కట్టిన అక్కడి గడియారపు బురుజు పీసా గోపురంలా ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. ఆ ఊరు దాటి సముద్రం వైపు వెళ్తే పామాయిల్ తోటల మధ్య కొబ్బరి తోటలు మొదలవుతాయి. హుతాన్ మెలింతాంగ్, బగాన్ దాతో ప్రాంతాలు మలేషియా తెలుగువాళ్లకు పాత నెలవులు. నాటి విశాఖ, గోదావరి జిల్లాల నుంచి, చిత్తూరు వైపు నుంచి ఓడలెక్కి వచ్చిన కూలీల మనవలు, మునిమనవలు ఇక్కడున్నారు. 1955లో మలయా ఆంధ్ర సంఘంగా పుట్టి ఇప్పుడు మలేషియా తెలుగు సంఘంగా ఉన్నది వీళ్లు నిలబెట్టుకున్నదే.

రోడ్డు పక్కన రేకుల షెడ్డు. నాలుగు ప్లాస్టిక్ బల్లలు. జగ్గులో తెల్లటి కల్లు. నాయిన ముందు వాసన చూశాడు. ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. "పొద్దుగాల దించింది. తాటికల్లంత ఘాటు లేదు గని నీళ్లు కలుపలె."

మావాడికి పదకొండేళ్లు. అది ఎలా తెలుస్తుంది తాతా అని అడిగాడు. ఇక ఆగలేదు. షెడ్డు వెనక చెట్టు దగ్గరికి మనవణ్ని తీసుకెళ్లి చూపించాడు. విచ్చుకోని కొబ్బరి పొత్తును తాడుతో బిగించి కడతారు. రోజూ మెల్లగా తడుతూ మెత్తబరుస్తారు. తర్వాత కొసను పలచగా చెక్కి కుండ తగిలిస్తారు. పొద్దున, సాయంత్రం మళ్లీ చెక్కాలి. ఆపితే గాయం ఆరి ధార ఆగిపోతుంది. లోతుగా చెక్కితే పొత్తు పాడవుతుంది. "కాగితమంత మందం గియ్యాలె. అది చెయ్యికి తెలుస్తది, కంటికి గాదు."

చెట్టు నుంచి రాలే బొట్టు నీరా. అందులో పది పదిహేను శాతం చక్కెర ఉంటుంది. కుండలోపల సున్నం పూస్తే తియ్యగానే నిలుస్తుంది. లేకపోతే గాలిలోని, కుండలోని ఈస్టు వెంటనే పని మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లో నాలుగైదు శాతం ఆల్కహాలు ఉన్న కల్లవుతుంది. మర్నాటికి పులిసి వెనిగర్ దారి పడుతుంది. టెకీలా ఏళ్ల తరబడి నిలవుంటుంది, సముద్రాలు దాటుతుంది. కల్లుకు ఒక్కరోజే ఆయుష్షు. గీసినవాడి ఊరు దాటి దాని పేరు పోకపోవడానికి అదీ ఒక కారణమే.

పెద్దావిడ మాట

షెడ్డు దగ్గర బజ్జీలు వేస్తున్న పెద్దావిడ మా మాటలు విని దగ్గరికొచ్చింది. "తెలుగోళ్లేటి? ఏ ఊరు బాబూ?" తనది ఇశాపట్నం కాడని తాత చెప్పేవాడట. ఆమె ఎప్పుడూ చూడలేదు. నాయిన గీత పనివాడని తెలిసి కుర్చీ తెచ్చి వేసింది. కానీ కల్లు మాటెత్తితే ముఖం మారింది.

"మా తాత కూలంతా ఈ కల్లుకొట్టుకే పోయింది బాబూ. తోటలోనే కొట్టు. జీతం ఓ చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకునేవోరు. మా మామ్మ బియ్యానికి అప్పులు చేసింది."

అది ఒక్క ఇంటి కథ కాదు. 1930ల చివర మలయా రబ్బరు తోటల్లో మగవాడి రోజు కూలి 50 సెంట్ల చుట్టూ ఉండేది. తోటలోనే కల్లుదుకాణం ఉండేది. 1941లో క్లాంగ్ ప్రాంతపు తోట కూలీలు సమ్మె చేసినప్పుడు కూలి పెంపుతో పాటు కల్లుదుకాణాల మూసివేత కూడా వాళ్ల కోరికల్లో ఉంది. ఆ సమ్మెను సైన్యంతో అణిచారు. కాల్పుల్లో కూలీలు చనిపోయారు. 1947లో కెడాలోనూ తోట కూలీలు కల్లుదుకాణాల ముందు బైఠాయించారు.

నాయిన తల వంచుకుని విన్నాడు. చాలాసేపటికి, "మా ఊళ్లె గూడ ఉన్నరమ్మా అసొంటోళ్లు. పైసలు లేవంటే పొయ్యకపోదు. పోసి, ఇంటికొచ్చి నీ కోడలు మొహం సూడలేకపోదు" అన్నాడు. ఆమె ఇంకో ప్లేటు బజ్జీలు తెచ్చిపెట్టింది. డబ్బులు తీసుకోలేదు.

తిరుగు దారిలో ఆలోచించాను. మెక్సికో 1974లో టెకీలా పేరును చట్టంతో కాపాడుకుంది. 2006లో అక్కడి అగావే పొలాలకు యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. హిమదోర్ బొమ్మ సీసాల మీద కనిపిస్తుంది. మన దగ్గరా కొంత కదలిక ఉంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచారు. 2024లో గీత కార్మికులకు 'కాటమయ్య రక్షక కవచం' భద్రతా కిట్లు ఇవ్వడం మొదలైంది. కానీ ఏ బొమ్మ వేసినా, ఎన్ని కిట్లిచ్చినా, నాలాంటి కొడుకులు పరాయి దేశంలో వ్యవసాయం అని చెబుతున్నంత కాలం ఆ పనికి గౌరవం రాదు. అలాగని ఆ పెద్దావిడ మామ్మ అప్పులను మరిచిపోయి కల్లును పొగడనూ లేను. గీసిన చెయ్యికి దండం పెట్టొచ్చు, కూలి లాక్కున్న కొట్టును తప్పు పట్టొచ్చు. రెండూ ఒకే నోటితో చెప్పొచ్చని ఆ షెడ్డు దగ్గర తెలిసింది.

ఇపో చేరాక మిత్రుడికి ఫోన్ చేశాను. అమ్మాయికి ఇవ్వమన్నాను. "నిన్న తప్పు చెప్పానమ్మా. మా నాయిన తాళ్లు గీసేవారు" అన్నాను. ఆ పిల్ల వెంటనే, "అంత ఎత్తు ఎలా ఎక్కుతారు?" అని అడిగింది. ఫోన్ నాయినకిచ్చాను. అరగంట దాకా తిరిగి రాలేదు.

వెళ్లాలనుకుంటే: కల్లు పొద్దున పదకొండులోపే రుచిగా ఉంటుంది. లైసెన్సున్న దుకాణంలోనే తాగండి. 2018లో ఇక్కడ కల్తీ సారా పదుల ప్రాణాలు తీసింది. మలేషియాలో మద్యానికి కనీస వయసు 21. కారు నడిపేవాళ్లు ముట్టుకోవద్దు. ఆ రోజు నేనూ ముట్టుకోలేదు. దారిలో నంజుకోవడానికి ఇపోలోని బుంతోంగ్ పేటలో కచాంగ్ పుతే కొనుక్కోండి. మన కారప్పూస, శనగలు, పల్లీలకు అది అన్నదమ్ముల వరస.