పద్మినిలో పుట్టింటికి

నాన్న పోయిన రెండేళ్లకి గాని ఆయన కారు తలుపు తీసే ధైర్యం మాకు రాలేదు. టార్పాలిన్ కప్పుకుని షెడ్డులో నిలబడి ఉన్న 1986 నాటి ప్రీమియర్ పద్మిని అది. అమ్మేద్దాం అన్నాడు అన్నయ్య. ఆ మాటలో తప్పేమీ లేదు. సొంత వాడకం కారుకి మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ తర్వాత ఐదేళ్లకోసారి బండిని తీసుకెళ్లి చూపించి గడువు పెంచుకోవాలి. ఈసారి గడువు 2026తో తీరుతుంది. "తిరగని బండికి ఈ తిప్పలెందుకే?" అన్నాడు.

కాగితాలు వెతుకుదామని నేను డ్యాష్‌బోర్డు సొరుగు లాగాను. పాత ఇన్సూరెన్సు రసీదులు, ఒక స్పార్క్ ప్లగ్గు, నాన్న చేతిరుమాలు. అన్నిటికీ అడుగున నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి. లెర్నర్స్ లైసెన్సు. 1992 నాటిది. నాన్నదనుకున్నాను. పేరు చూస్తే అమ్మది.

ఫొటోలో అమ్మకి ముప్ఫై రెండేళ్లు. ఇప్పటి నాకంటే చిన్నది. జడ ముందుకి వేసుకుని, కెమెరావైపు కాస్త కోపంగా చూస్తోంది.

"నువ్వు డ్రైవింగ్ నేర్చుకున్నావా అమ్మా?"

"పదకొండు రోజులు" అంది అమ్మ, పప్పులో పోపు వేస్తూ.

పన్నెండో రోజు కారు గేటు స్తంభానికి రాసుకుందట. ఎడమ మడ్‌గార్డు మీద జానెడు గీత పడిందట. "మీ నాన్నగారు కోప్పడలేదు. నవ్వారు. నానమ్మ కూడా నవ్వింది. ఆయన తాళం తీసుకెళ్లి మేకుకి తగిలించారు. ఆ మేకు నాకు అందనంత ఎత్తులో కూడా లేదు. కానీ నేను మళ్లీ తియ్యలేదు."

నా పరిశోధన యాత్రా సాహిత్యం మీద. స్త్రీల సంచార స్వేచ్ఛ గురించి ఒక అధ్యాయం రాసి, దాన్ని మూడు సెమినార్లలో చదివి చప్పట్లు కొట్టించుకున్నాను. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి బయల్దేరి చేసిన కాశీయాత్ర గురించి రాస్తూ, పల్లకీలో కూర్చున్న ఆయన రాశాడు గానీ పల్లకీ మోసిన బోయీలు చూసిన దారి మనకి దొరకదని వాదించాను. నాయని కృష్ణకుమారి గారి 'కాశ్మీర దీపకళిక' గురించి పేజీలకి పేజీలు రాశాను. మా ఇంట్లో, మా కారు సొరుగులో, ఆరునెలల గడువుతో పుట్టి చచ్చిపోయిన ఒక ప్రయాణపు కాగితం ఉందని మాత్రం నాకు తెలీదు. పరిశోధకురాలిగా నాకు ఇంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి లేదు.

"అమ్మేముందు ఒక్కసారి దీన్లో ఎక్కడికైనా వెళ్దామా?" అని అడిగాను.

అమ్మ ఆలోచించలేదు. "మా ఊరికి. అయితే సముద్రం పక్క నుంచి" అంది.

అమ్మ పుట్టిల్లు కళింగపట్నం దగ్గర. నా చిన్నప్పుడు ప్రతి సంక్రాంతికీ విశాఖపట్నం నుంచి ఇదే కారులో వెళ్లేవాళ్లం. నాన్న నడిపేవారు. పక్కన నానమ్మ, తర్వాత్తర్వాత అన్నయ్య. అమ్మ వెనక సీట్లో, ఒళ్లో నేను, కాళ్ల దగ్గర అరిసెల డబ్బా. ఎప్పుడూ హైవే మీదనే. భీమిలి మీదుగా వెళ్దామని అమ్మ ఒకటి రెండుసార్లు అన్నదట. "చుట్టు, టైం వేస్టు" అన్నారట నాన్న. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి, సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి కాపురానికొచ్చిన మనిషి, ఆ రెండింటి మధ్యా సముద్రాన్ని చూడకుండానే ముప్ఫై ఏళ్లు రాకపోకలు సాగించింది.

ఇక్కడ నాకు బెర్తా బెంజ్ గుర్తొచ్చింది. కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య. పెళ్లికి ముందే తన కట్నం డబ్బు తీసుకుని అతని కార్ఖానాలో పెట్టిన మనిషి. 1888 ఆగస్టులో, భర్తతో చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా వంద కిలోమీటర్లకి పైగా ఆ మూడు చక్రాల బండిలో వెళ్లింది. దారిలో పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసింది. ఇంధనం అయిపోతే మందుల షాపులో కొనుక్కుంది. చరిత్రలో కారులో చేసిన మొదటి దూరప్రయాణం అదేనంటారు. ఆ ప్రయాణం ఎక్కడికో తెలుసా? వాళ్లమ్మగారింటికి! కారు ప్రయాణమంటే సాహసమనీ, మగతనమనీ మనకి ఎన్ని సినిమాలు చూపించినా, దాని మొదలు మాత్రం ఒక ఆడమనిషి పుట్టింటికి వెళ్లడమే.

సరే, నేనూ అమ్మా ప్లాను వేయడం మొదలుపెట్టాం. భోజనాల బల్ల మీద మ్యాపు పరిచి, పెన్సిలు పట్టుకుని. ఆర్.కె. బీచ్ నుంచి కైలాసగిరి కింద నుంచి రుషికొండ. అక్కడి నుంచి తొట్లకొండ, కొండమీద బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిపించుకున్న నీటి తొట్లు. ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. గోస్తని నది సముద్రంలో కలిసే చోట భీమిలి, అక్కడ డచ్చివాళ్ల సమాధులు. ఇక్కడిదాకా పాతిక కిలోమీటర్ల పైచిలుకు, ఎవరైనా చెప్పగలిగే దారి. ఆ పైనే చిక్కు. గోస్తని తర్వాత చంపావతి, తర్వాత నాగావళి, చివరికి అమ్మ ఊరి వంశధార. మన నదులన్నీ సముద్రంలోకి వెళ్లేచోట రోడ్డుని తెంపుతాయి. తీరం వెంట కొంతదూరం వెళ్లడం, వంతెన కోసం మళ్లీ హైవే ఎక్కడం, మళ్లీ సరుగుడు తోటల మధ్య నుంచి సముద్రం వైపు దిగడం. "కుట్టు పోసినట్టుంది" అంది అమ్మ, పెన్సిలు గీత చూసి. శ్రీకాకుళంలో ఒక రాత్రి. మర్నాడు పొద్దున్నే కళింగపట్నం, లైట్‌హౌసు, శాలిహుండం కొండ.

ఎప్పుడు వెళ్లాలన్నది అమ్మే తేల్చింది. అక్టోబరు, నవంబరు వద్దంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కి మా పెరట్లో కొబ్బరిచెట్టు పడింది. 2018 అక్టోబరులో తిత్లీకి ఉద్దానంలో మా మావయ్య కొబ్బరితోట పోయింది. సంక్రాంతికి రోడ్డు నిండా బళ్లు. ఫిబ్రవరి మొదటివారం అని రాసుకున్నాం.

తర్వాత మెకానిక్కు. ఆయన బానెట్ ఎత్తి, నావైపు చూసి, "ఇంట్లో మగవాళ్లెవరైనా ఉంటే పంపండి మేడమ్, చెప్తాను" అన్నాడు. నాకే చెప్పమన్నాను. చెప్పాడు. రేడియేటర్ గొట్టాలు మార్చాలి, ఫ్యాన్ బెల్టు మార్చాలి, కార్బరేటర్ విప్పి కడగాలి, పాయింట్లు అరిగిపోయాయి. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరు దానికి ఆగదు, పెట్రోలు గొట్టాలన్నీ కొత్తవి వేయాలి. ఉప్పుగాలికి అడుగు రేకు తుప్పుపట్టింది, అతుకు వేయాలి. సీటు బెల్టులు బిగించాలి. బ్రేకులు సరిగ్గా పడేదాకా ఊరు దాటొద్దు. అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. రాస్తున్నంతసేపూ ఆయన మాట తీరు మారుతూ వచ్చింది. చివరికి తనే ఇంజన్ దగ్గరికి పిలిచి పాయింట్ల మధ్య సందు ఎంత ఉండాలో చూపించాడు.

అదే పుస్తకంలో ఇంకో జాబితా ఉంది. ఎక్కడ టాయిలెట్లు ఉన్నాయి, ఏ బంకులో తాళం వేసి ఉండదు, చీకటి పడేలోగా ఏ ఊరు చేరాలి, బండి ఆగిపోతే ఎవరికి ఫోను చెయ్యాలి, ఇద్దరు ఆడవాళ్లకి ఆరాలు తీయకుండా గది ఇచ్చే హోటలేది. నాన్న ఇన్ని ప్రయాణాల్లో ఇలాంటి జాబితా ఎప్పుడూ రాసుకుని ఉండరు. ఆయన రాయకపోబట్టే, వెనక సీట్లో అమ్మ పొద్దున్నుంచీ మంచినీళ్లు తాగకుండా కూర్చునేది. ఈ సంగతి కూడా ప్లాను వేస్తుంటేనే తెలిసింది.

భీమిలి దాకా ఒక ట్రయల్ చూద్దామని ముందు ఒకరోజు ఆటోలో వెళ్లొచ్చాను. దారిలో చేపల గంపలతో నలుగురు ఆడవాళ్లు ఎక్కారు. ఎక్కడికి, ఎందుకు అని వాళ్లే అడిగారు. చెప్పాను. "రోడ్డు చూడ్డానికా?" అని ఒకామె పడీ పడీ నవ్వింది. వాళ్లు ఏళ్ల తరబడి రోజూ ఆ దారిలోనే వస్తూపోతూ ఉన్నారు. సముద్రం ఎటుందో తిరిగి చూసే తీరిక లేదు. మన స్వేచ్ఛ గురించి రాసేటప్పుడు ఈ నవ్వుని కూడా లెక్కలో వేసుకోవాలి. దారి మీద ఆడవాళ్లు లేరని నేను థీసిస్‌లో రాసిన వాక్యం తప్పు. ఉన్నారు. నెత్తిన గంపతో ఉన్నారు. లేనిది స్టీరింగు ముందు.

ఇంకో మాట. ఈ కారు పేరు. 1964లో ఫియట్ డిలైట్‌గా వచ్చిన ఈ బండికి 1974లో చిత్తోడు రాణి పద్మిని పేరు పెట్టారు. 1303లో చిత్తోడు కోట పడిపోయినప్పుడు మానం కోసం మంటల్లో దూకిందని చెప్పే రాణి. ఆనాటి రాతల్లో ఎక్కడా కనిపించని ఆమెని, రెండువందల ఏళ్లకి పైగా గడిచాక 1540లో జాయసీ తన కావ్యంలో నిలబెట్టాడు. గడప దాటకుండా కాలిపోయిన స్త్రీ పేరుని ఊళ్లు తిరిగే బండికి పెట్టడంలో ఎవరికీ వింత అనిపించలేదు. ఇది అమ్మకి చెప్తే, "పేరు దానిది కాదులే, పెట్టినవాళ్లది" అంది.

అన్నయ్య ఫోను చేశాడు. "ఆ బండి నీకు బరువు. పవర్ స్టీరింగు లేదు, హ్యాండ్ గేరు. మా ఆఫీసు డ్రైవర్ని పంపిస్తాను. మీరిద్దరూ హాయిగా వెనక కూర్చోండి" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. మా ఇంట్లో తాళాలన్నీ ప్రేమతోనే మేకులకి తగిలాయి. ఫోను స్పీకర్లో ఉంది. నేను జవాబు వెతుక్కుంటుంటే అమ్మ అందుకుంది. "వెనక సీటు నేను చూసేశాన్రా" అంది.

ఆ రాత్రి అమ్మ నా గదిలోకి వచ్చింది. అరవై ఆరేళ్లకి లైసెన్సు ఇస్తారా అని అడిగింది. ఇస్తారు, వయసుకి పైహద్దు లేదు. నలభై దాటినవాళ్లకి డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. యాభై అయిదు దాటాక తీసుకుంటే లైసెన్సు ఐదేళ్లే ఉంటుంది, తర్వాత మళ్లీ పెంచుకోవాలి. "ఈ కారు లాగానే అన్నమాట" అని నవ్వింది. లెర్నర్స్ ముందు తీసుకుని, పక్కన లైసెన్సు ఉన్నవాళ్లని కూర్చోబెట్టుకుని నేర్చుకోవాలని చెప్పాను. పక్కన కూర్చోడానికి నేనున్నాను.

ప్లానులో ఫిబ్రవరి కొట్టేశాం. కొత్త తేదీ ఇంకా రాయలేదు. అమ్మకి కంటి డాక్టరు ఒక కన్ను శుక్లం తీయాలన్నాడు. అది అయ్యాక లెర్నర్స్. నేర్చుకున్నాక, మంచి రోడ్డూ జనసంచారం లేని వేళా చూసుకుని, సరుగుడు తోటల మధ్య ఒక నాలుగు కిలోమీటర్లు తను నడుపుతుంది. మిగతాది నేను. మ్యాపు మీద ఆ నాలుగు కిలోమీటర్లని అమ్మే ఎర్ర పెన్సిలుతో దిద్దుకుంది.

మెకానిక్కు రంగు వేయమంటారా అని అడిగాడు. ఎడమ మడ్‌గార్డు తప్ప మిగతాదంతా వేయమంది అమ్మ. ముందొకటీ వెనకొకటీ అంటించడానికి తెల్ల అట్టలు రెండు కొనుక్కొచ్చి, వాటిమీద 'ఎల్' అక్షరం ఎర్రగా తనే రాసుకుంది. అవి ఆరడానికి పెట్టిన చోటు చూశాను. నాన్న తాళం మేకు కిందనే. మేకు మీద తాళం లేదు.