తలకొట్టిన కొలత

కంప్యూటర్‌కి కులం లేదు, లెక్క ఎక్కడైనా లెక్కే అంటారు. కంపైలర్లని పరీక్షించే పని నాకు కూడు పెడతంది. ఆ మాట నేనొప్పుకోను.

ఒకే ప్రోగ్రాం, అవే అంకెలు. ఇంటెల్ మిషను మీద ఒక జవాబొస్తే, ఏఆర్ఎం మిషను మీద పదహారో అంకె కాడ ఇంకోటి వస్తది. కారణముంది. 0.1ని బైనరీలో పూర్తిగా రాయలేం. 53 బిట్ల కాడ దగ్గరి అంకెకి సర్దాలి. ఒక చిప్పు గుణించాక ఒకసారి, కూడాక మళ్లీ ఒకసారి సర్దుద్ది. ఇంకో చిప్పు రెండు పనులూ ఒకే ఆదేశంలో చేసి చివర ఒక్కసారే సర్దుద్ది. ఐ ట్రిపుల్ ఈ 754 ప్రమాణంలో 2008లో ఆ ఆదేశాన్నీ చేర్చారు. అంటే ఇద్దరిదీ ధర్మమే.

మా ఆఫీసులో 'సరైన జవాబు' అని దాచిన ఫైలు ఇంటెల్ మీద తీసింది. దానికి ఒక్క అంకె తేడా వచ్చినా పరీక్ష తప్పినట్టే. ముందొచ్చినవాడి జవాబు ప్రమాణమైంది, తర్వాతొచ్చినవాడిది తప్పయింది. బళ్లో మా గూడెం మాటకి జరిగింది ఇదే.

కొంత తేడాని ఒప్పుకోవాలన్నాను. "రిజర్వేషనోళ్లు గదా, పాసు మార్కులు తగ్గించమంటారు" అన్నాడొకాయన. అందరూ నవ్వారు.

నేనడిగింది తగ్గింపు కాదు, సరైన కొలత. ఎంత తేడా అయినా పర్లేదంటే కంపైలర్‌లోని అసలు తప్పు జారిపోద్ది. రావాల్సిన విలువే 0.0001 అయితే, 0.001 సడలింపులో సున్నా కూడా పాసయిపోద్ది. కాబట్టి సడలింపు విలువని బట్టి ఉండాలి. అంకె కదలకూడని చోట ఆ కలిపి చేసే ఆదేశాన్ని వాడొద్దని కంపైలర్‌కి చెప్పి పరీక్షించాలి. ఇదంతా రాసి, లెక్కలు చూపించి, ఒప్పించాను.

చిన్న తేడాయే గదా అనేవాళ్లకి వాంకూవర్ సంగతి చెప్తాను. అక్కడి షేర్ మార్కెట్ సూచీ 1982 జనవరిలో 1000తో మొదలైంది. లెక్కేసిన ప్రతిసారీ మూడో దశాంశం తర్వాతది సర్దకుండా కోసేశారు. 1983 నవంబరుకి సూచీ 520 దాపుకి దిగింది. సరిచేసి చూస్తే 1098 దాటింది.

మా అమ్మకి ఇది కొత్త కాదు. కామందు కూలి గింజలు మానిక తలకొట్టి కొలిచేవాడు, అప్పు గింజలు రాశిపోయించుకుని తీసుకునేవాడు. పూటకి పోయేది గుప్పెడే. ఏడాదికెంతో అమ్మ నోటిలెక్కన చెప్పేది.

కొత్త చిప్పు జవాబు తప్పని ఎవరన్నా అంటే, నేను ముందడిగేది ఒకటే: ఎవరి జవాబుని ఒప్పుగా పెట్టుకుని కొలిచారు?