ముడి వేసిన చేతులు

పరిశోధన కోసం పాత ఇంగ్లీషు పుస్తకాలు తిరగేస్తుంటే డేమ్ జూలియానా బెర్నర్స్ పేరు తగిలింది. గాలంతో చేపలు పట్టడం గురించి 1496లో అచ్చయిన చిన్న గ్రంథం ఆమెదేనని చాలాకాలం చెప్పుకున్నారు. చేపని మోసం చెయ్యడానికి ఈకలతో, ఉన్నితో కట్టే పన్నెండు ఉత్తుత్తి ఈగల వివరం అందులో ఉంది. ఆమే రాసిందనడానికి ఆధారం లేదని తర్వాతి పండితులు తేల్చారు. నిజమే, లేదు. కానీ ఆడవాళ్ళ పేరు దగ్గరికొచ్చేసరికి ఆధారాల మీద ఇంత శ్రద్ధ ఎక్కణ్ణించి పుట్టుకొస్తుందో!

చదివితే తలకెక్కలేదు. ఒకటి కట్టి చూద్దామనిపించింది. ఆ పన్నెండింటికీ కావలసిన సరంజామా ఇక్కడ దొరకదు కాబట్టి రెండే వస్తువులతో అయ్యే 'నింఫ్' ఎంచుకున్నాను. నిఘంటువులో నింఫ్ అంటే అప్సరస, గ్రీకు మూలంలో పెళ్ళికూతురు. చేపలు పట్టేవాళ్ళకి మాత్రం రెక్కలింకా విచ్చుకోకుండా నీళ్ళ అడుగున బతికే పురుగుపిల్ల. నాకీ మూడో అర్థమే నచ్చింది.

ఇంగ్లండులో ఏవన్ నదిని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగి ఫ్రాంక్ సాయర్ దీన్ని ఫెజంట్ పక్షి తోక ఈకతో, దారం బదులు సన్నటి రాగితీగతో కట్టాడు. పటమటలో ఫెజంట్ ఎక్కడిది? తీగ ఆటోనగర్‌లో మోటార్లు చుట్టే షాపులో దొరికింది, ఈక నాటుపుంజుది. డేగ రంగు. డేగ, కాకి, సేతువ, నెమలి... ఈకల రంగుకి మనకెన్ని పేర్లో! అన్నీ కోళ్ళకి కత్తి కట్టే మగవాళ్ళ నోళ్ళలో నానినవే.

ముందు గాలానికి తీగ చుట్టాలి. పురుగు రొమ్ముండే చోట నాలుగు చుట్లు ఎక్కువ వెయ్యాలి, ఆ బరువుకే అది మునుగుతుంది. నాలుగు ఈకపోగుల కొనలు తోకగా వదిలి, మిగతా పోగుల్ని తీగతో కలిపి మెలిపెట్టి ముందుకి చుట్టుకుంటూ రావాలి. తర్వాత వీపు మీదుగా వెనక్కీ ముందుకీ మడిచి బిగిస్తే అదే విచ్చుకోని రెక్క. సాయర్ కాళ్ళు పెట్టలేదు. ఈదేటప్పుడు పురుగు కాళ్ళు ముడుచుకుంటుందట.

చివర నేను వేసిన ముడి చూసి అమ్మ, "ఇది మాల కట్టే ముడే కదే!" అంది. నాకు గంట పట్టింది, తను పది నిమిషాల్లో కట్టేసింది.

స్కాట్లండులో మేగన్ బాయిడ్ అనే ఆవిడ జీవితమంతా సాల్మన్ చేపలకి ఇలాంటి ఈగలు కట్టింది, ఒక్క చేపనీ పట్టలేదు. 1971లో రాణిగారి పతకం ఇస్తామంటే, కుక్కని చూసుకునేవాళ్ళు లేరని వెళ్ళలేదు. అమెరికాలో మేరీ ఆర్విస్ మార్బరీ 1892లో ఈగల మీద పెద్ద పుస్తకం తెచ్చింది. తండ్రి కంపెనీలో ఆమె కింద కూర్చుని ఈగలు కట్టిన అమ్మాయిల పేర్లు ఆ అట్ట మీద లేవు. స్త్రీ పేరున్న చోట కూడా ఇంకెవరో స్త్రీ పేరు లేకుండా ఉంటుంది.

పీహెచ్‌డీ రోజుల్లో ఒక పెద్దాయన పుస్తకానికి పదసూచిక అంతా నేనే తయారుచేశాను. ముందుమాటలో "విద్యార్థుల సహకారం" అని ఉంది. ఆ రెండు మాటల్లో నేనెక్కడో ఉన్నాను.

బందరు కాలువలో చేపలకి వానపాము చాలు, మా పురుగులు అక్కర్లేదు. ఆరూ అగ్గిపెట్టెలో ఉన్నాయి. పెట్టె మీద ఇద్దరి పేర్లూ రాశాను, ముందు అమ్మది.