ధర్మవరపు వారి పాఠం

దుబాయి అల్ నహ్దాలోని మా ఫ్లాటుకు నాన్నగారు వచ్చి నెలయింది. ఈమధ్య మాట తగ్గించారు. నిన్న రాత్రి డ్యూటీ నుంచి వచ్చేసరికి టీవీ ముందు ఒక్కరే నవ్వుకుంటున్నారు. ‘నువ్వు నేను’ (2001)లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం లెక్చరరు వేషం!

దూరదర్శన్ ‘ఆనందో బ్రహ్మ’తో మన ఇళ్ళలోకి వచ్చిన మనిషి. 1989లో జంధ్యాల గారి ‘జయమ్ము నిశ్చయమ్మురా’తో సినిమాల్లోకి వచ్చారు. 1997లో ‘తోకలేని పిట్ట’కు దర్శకత్వమూ వహించారు (చూసినవారు మనలో ఎందరో!). గెంతులూ కేకలూ లేవు; తాపీగా సాగదీసిన వెటకారమే ఆయన సొత్తు. 2013 డిసెంబరు 7న కాలం చేశారు.

“ఏం జబ్బురా ఆయనకి?” అన్నారు నాన్నగారు.

ఆయన స్కాను రిపోర్టు వారం రోజులుగా నా సంచీలోనే ఉంది.

“లివరు క్యాన్సరండీ.”

కాసేపు నావంక చూశారు. “ఆ క్లాసు సీను మళ్ళీ పెట్టు” అన్నారు.