యాజలివారి జల్లెడ

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ప్రధాన సంఖ్యలతో పనేమిటని మీరడగవచ్చు. నిజానికి ఏ పనీ లేదు. 1తోను, తనతోను తప్ప మరి దేనితోను నిశ్శేషంగా భాగింపబడని సంఖ్యకు 'ప్రధాన' మని ఎవరు పేరు పెట్టారో గాని, 'అభాజ్య' మంటేనే అర్థం తేటగా ఉండేది. సరే, నన్నీ గొడవలోకి లాగింది బాపట్ల దగ్గరి యాజలి. మతుకుమల్లి వెంకట సుబ్బారావుగారు 1921లో అక్కడ పుట్టి, కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 2006లో కన్నుమూశారు. ఆయన 1974లో ప్రకటించిన ఒక లెక్కను మా లెక్కల మాష్టారు కాగితం ముక్క మీద వేసి చూపించారు.

మా మంగళగిరి గాలిగోపురానికి 11 అంతస్తులు. ఆ 11నే తీసుకోండి. దాని భాజకాలు 1, 11, మొత్తం 12. ఆ 12ను 11తో గుణిస్తే 132. అందులోంచి 2 తీసేస్తే 130. ఇక 11 కంటె చిన్నవై, దానితో 1 తప్ప ఉమ్మడి భాజకం లేని సంఖ్యలెన్ని? 1 మొదలు 10 వరకు పదీ అటువంటివే. 130ని ఆ 10తో భాగించండి: 13, శేషం సున్న. కొండమీది పానకాలస్వామి సగం పుచ్చుకొని సగం మనకు వదులుతాడు. ఈ లెక్కలో మాత్రం చుక్క మిగిలినా ఒప్పుకోరు. 9తో ఇలాగే చేస్తే 115ని 6తో భాగించవలసి వస్తుంది, 1 మిగులుతుంది.

ప్రధాన సంఖ్యలన్నీ ఈ పరీక్షలో నెగ్గుతాయి. సంయుక్త సంఖ్యలలో నెగ్గేవి మూడంటే మూడే: 4, 6, 22. సంఖ్యలకు అంతు లేదు గదా, అయినా ఎంత దూరం వెళ్ళినా నాలుగోది దొరకదని సుబ్బారావుగారు రుజువు చేశారు. 4, 6 పసివాళ్ళు, పోనీలెమ్మనవచ్చు. ఆ 22 ఏ దొడ్డిదారిన జొరబడిందో గాని, నాకదే ముద్దొచ్చింది.

"కాని దీనితో పెద్ద సంఖ్యలను పరీక్షించలేమండీ" అన్నారు మాష్టారు. భాజకాలు తెలిస్తేనే పరీక్ష సాగేది. భాజకాలే తెలిస్తే ఇక పరీక్ష ఎందుకు? పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు. "మరి ఉపయోగం?" అని నేనడగలేదు. ఇరవై ఏళ్ళుగా ప్రబంధాలు చెబుతున్నవాణ్ణి. ఆ ప్రశ్న ఏటేటా క్లాసులో వింటూనే ఉన్నాను.

2024లో ఒక బ్రహ్మాండమైన ప్రధాన సంఖ్య బయటపడింది. 13,62,79,841 రెండ్లను వరసగా గుణించి, ఒకటి తీసేస్తే వచ్చేది అది. దాన్ని పట్టింది వేరే పరీక్షతో, కంప్యూటర్ల మీద. మొత్తం 4,10,24,320 అంకెలు! పేజీకి రెండువేల అంకెల చొప్పున, వారానికి నాలుగు పేజీలు సీరియలుగా వేస్తే 98 ఏళ్ళు దాటుతుంది. ఏ సంపాదకుడు ఒప్పుకుంటాడు?

ఆ మహాసంఖ్యకూ యాజలివారి లెక్క వేసి చూడవచ్చు, కాగితం కలం అక్కర్లేకుండానే. 11కు జవాబు 13 వచ్చింది గదా. 7కు 9 వస్తుంది, 5కు 7. ఏ ప్రధాన సంఖ్యకైనా అంతే, జవాబు దానికంటె రెండెక్కువ. ఈ నాలుగు కోట్ల అంకెల సంఖ్య 1తో ముగుస్తుంది. కనుక జవాబులో ఆ చివరి 1 కాస్తా 3 అవుతుంది. మిగతా అంకెలన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.