పూర్ణ దారిలో ఇంటి మొక్కలు

భివండీ నుండి ఠాణాకు పోయే పాత ఆగ్రా రోడ్డున అంజూర్ ఫాటా, రాహనాల్ దాటితే పూర్ణ గ్రామం వస్తుంది. ఇంకా ముందుకు పోతే కాల్హేర్, కశేళి, ఆ పైన ఖాడీ మీద వంతెన. వంతెన దాటితే ఠాణా. మన పద్మానగర్ కుటుంబాల వారికి ఈ దారి కొత్తది కాదు. దారి పక్క పల్లెలలో ఒకప్పుడు వరి పండేది. ఇప్పుడు ఎటు చూచినా గోదాములే. బొంబాయి జకాతు హద్దుకు బయట ఉండడం, రేవుకు అందుబాటులో ఉండడం వలన ఇవి ఇక్కడ పెరిగినవి. 2017లో జి.ఎస్.టి. వచ్చి ఆ జకాతు పోయినా గోదాములు పోలేదు. సాంచాల ఊరు అని పేరుపడిన భివండీకి గోదాముల ఊరు అనే రెండవ పేరు కూడా వచ్చినది. ఆ గోదాములలో ఒకదాని ఆఫీసులో నేను గుమాస్తాను.

వానలు దగ్గరకు రాగానే ఈ దారి పక్కన కుండీ మొక్కలు వరుసలుగా వెలుస్తవి. లారీల పొగలో, దుమ్ములో తిరిగి తిరిగి అలసిన కంటికి ఆ పచ్చని ఆకులు చూస్తే ప్రాణం లేచివస్తుంది. పని ముగించుకొని షేర్ రిక్షా కోసం నిలబడిన వారిలో ఒకరిద్దరైనా ఒక కుండీని ఒడిలో పెట్టుకొని ఇంటికి పోతారు. రెండు నెలలు తిరిగేసరికి అదే కుండీ, ఎండిన కాడతో, మెట్ల కింద కనబడుతుంది.

డబ్బు పోవడం ఒక నష్టం. అంతకంటె పెద్ద నష్టం మరొకటి ఉన్నది. మన ఇళ్ళలో మొక్క చనిపోతే ఊరకే పోదు. ఒక మాటను పుట్టించి పోతుంది. “ఈ ఇంట్లో పచ్చదనం నిలవదు” అంటారు. ఆ మాట తిరిగి తిరిగి ఇంటి కోడలి నెత్తిన పడుతుంది. ఆమె హస్తవాసి మంచిది కాదని నిందించిన వారిని నేను ఎరుగుదును. మొక్కకు హస్తవాసితో పని లేదు. దానికి కావలసినవి వెలుగు, గాలి, మితమైన నీరు. వీటిలో వెలుగు మొదటిది. కనుక మొక్కను చూచి గదిని వెదకరాదు. గదిని చూచి మొక్కను తేవలెను.

వెలుగును కొలవడానికి యంత్రం అక్కరలేదు. పట్టపగలు పన్నెండు గంటల వేళ, మొక్కను పెట్టదలచిన చోట ఒక తెల్ల కాగితం పరచి, దానికి ఒక అడుగు ఎత్తున చేయి పెట్టండి. వ్రేళ్ళ నీడ స్పష్టంగా పడితే అది మంచి వెలుగు. నీడ మసకగా పడితే నడిమి వెలుగు. నీడే పడకపోతే అక్కడ ఏ మొక్క పెట్టినా నెమ్మదిగా నీరసించవలసినదే.

కిటికీ దిక్కు కూడా చూచుకోవలెను. భివండీ దాదాపు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. మే నెల నడుమ నుండి జూలై చివరి వరకు మధ్యాహ్నపు సూర్యుడు మన తలకు కొంచెం ఉత్తరంగాను, మిగిలిన కాలమంతా దక్షిణంగాను నడుస్తాడు. అందుచేత దక్షిణపు కిటికీకి చలికాలంలో ఎండ బాగా లోపలికి వస్తుంది. ఉత్తరపు కిటికీకి సంవత్సరంలో ఎక్కువ భాగం నేరుగా ఎండ రాదు. పడమటి కిటికీ ఏప్రిల్, మే నెలలలో లేత ఆకులను మాడ్చివేస్తుంది. తూర్పు కిటికీ గలవారు అదృష్టవంతులు. ఉదయపు లేత ఎండ చాలా మొక్కలకు హితం.

ఈ దారి పొడుగునా మనవారు ఉండే గదులు ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి, సాంచాల గాళాకు ఆనుకొని ఉన్న చాల్‌లోని ఖోలీ. ఒకే వాకిలి, ఒకే కిటికీ. ఆ కిటికీకి ఎదురుగా మరొక గోడ. ఇక్కడ మనీ ప్లాంటు, స్నేక్ ప్లాంటు, జీజీ ప్లాంటు అనే మూడింటిని నమ్మవచ్చును. మసక వెలుగులో కూడా ఇవి ఓర్చుకొని ఉంటవి. ఓర్చుకొనడం వేరు, పెరగడం వేరు. కనుక వీటిని కూడా పదిహేను రోజులకు ఒకసారి వాకిలి నీడలోకి తెచ్చి రెండు మూడు రోజులు ఉంచితే మంచిది. ఒక్కసారిగా నేరుటెండలో పెట్టరాదు; ఆకులు కాలిపోతవి.

రెండవది, పూర్ణ, కాల్హేర్ వైపు లేచిన కొత్త భవనాలలోని ఫ్లాటు. దానికి చిన్న బాల్కనీ ఉంటుంది. బాల్కనీ తలుపు లోపలి వైపున అరేకా పామ్, రబ్బరు మొక్క, అగ్లోనీమా, సింగోనియం చక్కగా పెరుగుతవి. రంగురంగుల ఆకుల క్రోటన్‌ను బాల్కనీలోనే ఉంచవలెను. లోపలికి తెస్తే రంగు పోయి, ఆకు రాలుతుంది. తులసి కూడా అంతే. అది ఇంటి లోపలి మొక్క కాదు, ఎండ మొక్క. బతుకమ్మకు కావలసిన గునుగు, బంతి వేయదలచిన సోదరీమణులకు కూడా ఇదే మనవి. రోజుకు అయిదారు గంటల ఎండ లేని చోట అవి పూయవు.

మూడవది మావంటి గుమాస్తాల ఆఫీసు గది. పైన రేకు, లోపల ఏ.సీ., పగలూ రాత్రీ దీపం. ఏ.సీ. గాలి తిన్నగా తగిలే చోట ఏ మొక్కనూ పెట్టరాదు. ఆకుల కొనలు ఎండిపోతవి. ఒక మూల స్నేక్ ప్లాంటు చాలును. ఆదివారం, పండుగ సెలవులలో ఎవరూ నీరు పోయకపోయినా అది అలిగే రకం కాదు.

ఇక నీటి సంగతి. ఇంటి మొక్కలు దాహంతో చచ్చే దానికంటె నీరు ఎక్కువై చచ్చేది ఎక్కువ. మా చాల్‌లోని ఒక పెద్దమ్మ నాతో అన్నది: “తమ్మీ, రోజూ పొద్దుగాల చెంబెడు నీళ్ళు పోస్తనే ఉన్న. అయినా చెట్టు పచ్చవడ్డది.”

“పెద్దమ్మా, ఆ చెంబెడు నీళ్ళే దాని రోగం. వారం దినాలు ముట్టకు” అన్నాను. ఆమె నమ్మలేదు; మొక్కను పస్తు పెట్టడం ఆమెకు పాపంగా తోచినది. కాని వేళ్ళకు నీటితోపాటు గాలి కూడా కావలెను. మట్టి ఎప్పుడూ తడిసి ముద్దగా ఉంటే గాలి ఆడక వేళ్ళు కుళ్ళిపోతవి. కుళ్ళిన వేరు నీటిని పైకి పంపలేదు. అప్పుడు ఆకులు వాడుతవి. అది చూచి మనం దాహమనుకొని ఇంకొక చెంబు పోస్తాము. అక్కడితో దాని కథ ముగుస్తుంది.

గడియారాన్ని చూచి నీరు పోయరాదు, వ్రేలిని అడగవలెను. చూపుడు వ్రేలిని రెండు కణుపుల లోతున మట్టిలో గుచ్చి చూడండి. చల్లగా, తడిగా తగిలితే ఆ రోజు నీరు వద్దు. పొడిగా ఉంటే కుండీ అడుగు రంధ్రం నుండి కారే వరకు పోసి, పళ్ళెంలో చేరినది పారబోయండి. స్నేక్ ప్లాంటుకు, జీజీ ప్లాంటుకు మట్టి అడుగు వరకు ఎండిన తరువాతనే నీరు. మన ప్రాంతంలో ఏటా రెండు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అందులో చాలా భాగం జూన్ నుండి సెప్టెంబరు లోపలే. ఆ నాలుగు నెలలు గాలిలోనే తేమ ఉంటుంది, వెలుగు తక్కువ. కనుక వేసవిలో పోసిన నీటిలో సగం కూడా అవసరముండదు.

మొక్క తెచ్చినపుడు కుండీ అడుగున రంధ్రం ఉన్నదో లేదో ముందు చూడండి. అందమైన పింగాణీ కుండీకి చాలాసార్లు రంధ్రం ఉండదు. నల్లని జిగట మట్టి ఒక్కటే వేయరాదు. తోట మట్టి ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, మాగిన పశువుల ఎరువుగాని వానపాముల ఎరువుగాని ఒక పాలు, దానికి గుప్పెడు ముతక ఇసుక కలిపితే నీరు నిలవదు. సైజింగు, రంగుల కార్ఖానాల నుండి వచ్చే నీటిని ఎంత కరువు వచ్చినా మొక్కకు పోయకూడదు.

సాంచాల దగ్గర ఉన్నవారికి మరొక పని ఉన్నది. దూది నుసి ఆకుల మీద పేరుకొని వెలుగును అడ్డగిస్తుంది. వారానికి ఒకసారి ఆకు కింద అరచేయి ఆనించి, తడి గుడ్డతో రెండు వైపులా మెల్లగా తుడవండి. మెరుపు కోసం నూనె పూయవద్దు. తుడిచేటప్పుడే ఆకు అడుగున, కణుపుల వద్ద తెల్లని దూది వంటి పిండినల్లి ఉన్నదేమో గమనించండి. మన ఇళ్ళలో దానిని దూది నుసి అనుకొని విడిచిపెట్టడం మామూలు. చిటికెన వ్రేలితో తాకితే నుసి లేచిపోతుంది. పిండినల్లి అంటుకొని జిగటగా తగులుతుంది. లీటరు నీటికి ఒక చెంచా వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీరు కలిపి వారం వారం చల్లితే అది తగ్గుతుంది.

అమ్మేవారు “ఈ మొక్క గదిలో గాలిని శుద్ధి చేస్తుంది” అని చెప్పుట కద్దు. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చేసిన పరీక్ష నుండి ఈ మాట లోకంలో పాకినది. ఆ పరీక్ష గాలి చొరని చిన్న పెట్టెలలో జరిగినది. 2019లో ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు అటువంటి పరీక్షలన్నిటినీ కలిపి లెక్క చూచినారు. ఇంటిలోకి మామూలుగా వచ్చిపోయే గాలి చేసే పనిని మొక్కలు చేయవలెనంటే చదరపు మీటరుకు పది మొదలు వెయ్యి మొక్కల వరకు కావలసి ఉంటుందని తేల్చినారు. మన ఖోలీలో అన్ని పెడితే మనిషికి చోటుండదు. ఇది నవ్వి ఊరుకొనే సంగతి కాదు. దూది నుసిని ఏళ్ళ తరబడి పీల్చిన పనివారికి బిసినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. దానికి మొక్క మందు కాదు. కిటికీ తెరవడం, మూతికి గుడ్డ కాక సరియైన మాస్కు కట్టడం, దగ్గు విడువకపోతే డాక్టరు వద్దకు పోవడం, ఇవే దారి.

పిల్లలున్న ఇంటివారు ఒక విషయం గుర్తుంచుకోవలెను. చామదుంప దురద మనకందరికీ తెలిసినదే. మనీ ప్లాంటు, అగ్లోనీమా, సింగోనియం, జీజీ ప్లాంటు, వెడల్పు చారల ఆకుల డిఫెన్‌బాకియా, ఇవన్నీ ఆ చామ కుటుంబానివే. వీటి ఆకులలో కాల్షియం ఆక్సలేటు సూదులుంటవి. పసివాడు ఆకు నమిలితే నోరు మండి, నాలుక వాస్తుంది. డిఫెన్‌బాకియా అందరికంటె కఠినం. పాకే పిల్లలున్న ఇంటికి అది వద్దు. ఎవరైనా నమిలితే నోరు తుడిచి చల్లని నీరుగాని పాలుగాని ఇవ్వండి; వాంతి చేయించవద్దు. వాపు పెరిగినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవలెను. అరేకా పామ్, స్పైడర్ ప్లాంటు ఈ భయం లేనివి.

వానాకాలంలో దోమ సంగతి కూడా అంతే ముఖ్యం. డెంగ్యూ దోమ కుండీ కింది పళ్ళెంలోని నీటిలో గుడ్లు పెట్టగలదు. వారం పది రోజులలో ఆ గుడ్లే దోమలవుతవి. కాబట్టి పళ్ళేలను వారానికి ఒకసారి గీచి కడిగి ఆరబెట్టండి. సీసాలో మనీ ప్లాంటు పెట్టినవారు నీరు వారం వారం మార్చి, సీసా నోటికి కొంచెం దూది కూరండి. మన ఊళ్ళో దూదికి కరువు లేదు గదా!

ఈ మొక్కల పుట్టినిళ్ళు తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. మనీ ప్లాంటు పసిఫిక్ సముద్రంలోని మూరియా దీవిది. స్నేక్ ప్లాంటు పడమటి ఆఫ్రికాది. నార కోసం మనవారు వాడిన చాగ మొక్కకు చుట్టం. అరేకా పామ్ మడగాస్కరుది. రబ్బరు మొక్క మాత్రం మన అస్సాం వైపుది. రాజమహేంద్రవరం దగ్గర కడియం, కడియపులంక నర్సరీలలో ఇటువంటివి వేలకు వేలు పెంచి లారీలలో దూర రాష్ట్రాలకు పంపుతారు.

మన పెద్దలు కరీంనగరం, నల్లగొండ, ఓరుగల్లు వైపు నుండి సాంచాల పనికి ఇక్కడకు వచ్చినపుడు, వచ్చిన చోటి గదికి తగినట్లు తమ బ్రతుకును సర్దుకొన్నారు. మొక్క అలా తనంతట తాను చోటు మార్చుకోలేదు. దాని బదులు ఆ ఆలోచన మనమే చేయవలెను. ఈసారి పూర్ణ దారిలో మొక్క కొనబోయే ముందు ఇంటివద్ద ఒక మధ్యాహ్నం తెల్ల కాగితం మీద చేతి నీడ చూచి రండి. అప్పుడు కుండీ ఎండదు, కోడలికి మాట రాదు.